ఎస్తేరు తలుపు తీయలేదు

2025 జూలై, మూడో బుధవారం. పెనుకొండ దగ్గర ఒక చాకీ కేంద్రం ముందు రేకుల పంచ. హాజరైనవారు: కేంద్రం నడిపే ఎస్తేరు, ఆమె భర్త ప్రసాదు, హిందూపురం వైపు రైతు నంజప్ప, కనగానపల్లి రైతు ఓబులపతి, అతనితో వచ్చిన మరికొందరు రైతులు, నేను.

ఏ సంగతి రాసినా తేదీ, స్థలం, ఉన్నవాళ్ల పేర్లు ముందు రాసుకోవడం నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో అబ్బిన అలవాటు. పట్టు పరిశ్రమ శాఖలో తనిఖీకి వెళ్లినవాడు మొదట రాయవలసినవి అవే. రిటైరై కొన్నేళ్లయినా నా డైరీలో ఆ వరుస మారలేదు. నా సర్వీసంతా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్యనే గడిచింది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు, పెనుకొండ చుట్టుపక్కల మల్బరీ తోటలు, ధర్మవరంలో మగ్గాలు. ఆ మూడింటినీ కలిపేది ఒక పురుగు. ఆ పురుగు ఆరోగ్యం చూడడమే నా ఉద్యోగం.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. నేను ఎక్కువకాలం చేసింది గ్రైనేజ్‌లో, అంటే పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రంలో. అక్కడ గుడ్లు పెట్టిన తల్లి చిలుకను, అంటే రెక్కలొచ్చిన పట్టుపురుగును, నూరి, ఆ రసం చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాం. పెబ్రిన్ అనే జబ్బు ఉంటే మెరిసే గింజల్లాంటి బీజాలు కనిపిస్తాయి. తల్లికి ఉంటే పిల్లలకు వస్తుంది. మందు లేదు. అందుకే జబ్బు ఉన్న తల్లి గుడ్లు కనిపిస్తే కాల్చేస్తాం. పెబ్రిన్ అనే మాట వింటే మా రైతు ముఖంలో రంగు మారిపోతుంది.

ఇక చాకీ. గుడ్డులోంచి బయటపడిన పురుగు చీమంత ఉంటుంది. మొదటి పది రోజులు దాన్ని సాకడం చంటిబిడ్డను సాకడం లాంటిదే. ఆ దశను చాకీ అంటారు. అది అందరు రైతులకూ చేతకాదు కాబట్టి చాకీ కేంద్రాలు వచ్చాయి. వాళ్లు లేత ఆకు సన్నగా తరిగి వేస్తూ, వేడీ తేమా చూసుకుంటూ పెంచి, రెండో జ్వరంలో ఉండగా రైతులకు అప్పగిస్తారు. జ్వరమంటే పురుగు తినడం మాని, తల ఎత్తి కదలకుండా ఉండి, పాత చర్మం విడిచే సమయం. ఆ జ్వరం నుంచి లేచాక దానికి విపరీతమైన ఆకలి. దాన్ని ఎవరూ వాయిదా వేయలేరు. అది లేచే పొద్దుకు రైతు ఇంట్లో, ఆకు ముందర ఉండాలి.

ఎస్తేరు పదేళ్ల కిందట నా శిక్షణ తరగతిలో ముందు వరుసలో కూర్చునేది. శిక్షణలో నేను అందరికీ చెప్పే మాట ఒకటుంది: చాకీ గదిలోకి బయటివాళ్లను రానివ్వకండి, రైతులను అసలే రానివ్వకండి, ఎందుకంటే జబ్బు ఎక్కువగా ఒక రైతు చెప్పుల మీద, చేతుల మీద ఇంకొకరి ఇంటికి పోతుంది. చాలామంది తల ఊపి మరిచిపోయారు. ఎస్తేరు మరిచిపోలేదు. ఆమె గది గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లతో తడిపిన గోనెపట్టా ఎప్పుడూ ఉంటుంది. ఒకసారి నేనే చూడబోతే గడప బయటే నిలబెట్టి, "మీరు చెప్పిందే సార్" అంది. ఆ రోజు నాకు సంతోషమే వేసింది.

బుధవారం పొద్దున ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నా సెంటరు మూసేసినారంట. మీకేమైనా తెలుసునా?"

"మూసేసింటే ముందు నీకే కదమ్మా తెలిసేది."

"అదే సార్. నేను లోపలే ఉండా. ఆకు తరుగుతాండా. మూసినోళ్లు నాకు చెప్పకుండా మూసినట్లుండారు." నవ్వబోయి, వెంటనే అందుకుంది. "రేపు పొద్దున పురుగులు పోవల్ల సార్. నిన్నటి నుంచి ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి మాకొద్దు అంటాండారు."

ఆమె నాకు పంపింది పట్టు రైతుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ఒక ఫోటో. ఫోన్‌లో ఏఐని ఎవరో అడిగితే అది ఇచ్చిన జవాబుకు తీసిన ఫోటో. పెనుకొండలోని ఎస్తేరు చాకీ కేంద్రంలో 2017లో పెబ్రిన్ బయటపడిందనీ, అప్పటి హిందూపురం గ్రైనేజ్ అధికారి తనిఖీ చేసి మూసివేత ఉత్తర్వు ఇచ్చారనీ, తర్వాత ఆమె రహస్యంగా మళ్లీ తెరిచిందనీ, రైతులు జాగ్రత్త వహించాలనీ ఉంది. తెలుగు చక్కగా ఉంది. మా ఆఫీసులో ఉత్తర్వులు రాసేవాళ్లలో చాలామంది అంత శుభ్రంగా రాయలేరు. అందుకే నమ్మబుద్ధి వేస్తుంది.

2017లో ఆ అధికారిని నేనే. అటువంటి తనిఖీ లేదు, ఉత్తర్వు లేదు. ఇంత తెలిసి కూడా నేను లేచి వెళ్లి ఆ ఏటి డైరీ తీసి, కూర్చుని, పేజీలన్నీ తిప్పాను. ఏమీ లేదని తెలిసే తిప్పాను.  ఆ ఫోటో నా జ్ఞాపకం మీద నాకే అనుమానం పుట్టించగలిగిందంటే, నన్ను ఎరగని రైతును అది ఏం చేస్తుందో అనిపించింది.

ఫోటో మొదట పెట్టింది నంజప్ప అని ఎస్తేరు చెప్పింది. అతను ఆ రోజు హిందూపురం మార్కెట్టులోనే ఉన్నాడు. సంచి భుజాన వేసుకుని నేను వెళ్లేసరికి తన తమ్ముడి గూళ్ల రాశి దగ్గర గోడకానుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"నంజప్పా, ఇది నువ్వు పెట్టిందేనా?"

"నేను చెప్పింది కాదు సార్. ఫోన్ చెప్పింది. నేను గ్రూపులోకి తోసినా, అంతే."

"ఎస్తేరు పురుగులకు జబ్బని నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. రేపు ఆయమ్మ దగ్గరే పురుగులు తీసుకోవల్ల. పోయిన పంట యండకు పాయ. దుడ్లన్నీ పెంటతిప్పలో పోసినట్లాయ. ఈసారి విచారించుకోవల్ల కదా సార్. అందుకని అడిగినా."

"ఏమని అడిగితివి?"

అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "మామూలుగా మనం అడిగేటట్లే. ఎస్తేరు సెంటర్లో పెబ్రిన్ వచ్చిందంట కదా, వివరాలు చెప్పు అని."

ఇక్కడ మా మార్కెట్టు పద్ధతి ఒకటి చెప్పాలి. గూళ్లు అమ్ముడుపోయేదాకా రైతులు పక్కపక్కనే కూర్చుని ఎవరి పురుగులు ఎట్లా ఉన్నాయో విచారించుకుంటారు. నేరుగా అడిగితే ఎవరూ నిజం చెప్పరు కదా. అందుకని లేని తప్పును ఉన్నట్టుగానే అడుగుతారు. "మీ పురుగులకు జబ్బంట కదా" అంటారు. అవతలివాడు "ఎవడు చెప్పినాడు నీకు" అని మండిపడితే జబ్బు లేనట్టు. నీళ్లు నమిలితే ఉన్నట్టు. మా రైతులు మాట వినరు, ముఖం చూస్తారు. తరాలుగా ఈ పరీక్ష బాగానే పనిచేసింది. నంజప్ప ఆ పరీక్షనే ఫోన్‌కు పెట్టాడు. దానికి కోపం రాదు. అది తడబడదు. "అవును" అని మొదలుపెట్టి, అడిగినవాడు అడిగిన వివరాలన్నీ అల్లి పెట్టింది.

ఇది మాటలతో చెబితే అతనికి ఎక్కదు. అతని ఫోన్ అడిగి తీసుకుని, అదే మాదిరి అడిగాను: హిందూపురం నంజప్ప పురుగుల షెడ్డులో పెబ్రిన్ వచ్చిందంట కదా, వివరాలు చెప్పు. జవాబు వచ్చింది. నంజప్ప షెడ్డులో జబ్బు బయటపడిందనీ, శాఖవారు పురుగులను కాల్చివేశారనీ, అతను జబ్బుగూళ్లను మార్కెట్టులో అమ్మబోయి పట్టుబడ్డాడనీ.

నంజప్ప పెదవులు కదిలిస్తూ చదివాడు. రెండోసారి చదివాడు.

"సార్, దీన్ని కొట్టేయండి."

"చూసినావు కదా. నీ గురించి చెప్పింది అబద్ధమే, ఎస్తేరు గురించి చెప్పిందీ..."

"అది సరే సార్. ముందు కొట్టేయండి."

కొట్టేశాను. అతను అప్పటికీ ఫోన్‌నే చూస్తున్నాడు. "ఇంకెవరైనా అడిగితే?"

"మళ్లీ ఏదో ఒకటి చెప్తుంది."

"నేను అమ్మబోయి దొరికినానని చెప్తుందా? నా బిడ్డల పేర్లు కూడా చెప్తుందా?"

 మా వెనక ఒక పెద్దమనిషి వక్క నములుతూ అంతా చూస్తూనే ఉన్నాడు. "ఏమప్పా నంజప్పా," అన్నాడు, "నీ షెడ్డుకు కూడా వచ్చిందంట కదా."

"ఎవురు చెప్పినారు నీకు?" నంజప్ప గొంతు మార్కెట్టు ఆ చివరిదాకా వినబడింది.

"కోపం వచ్చిందిలే. అయితే లేనట్టే," అని ఆయన పక్కకు ఉమ్మేసి వెళ్లిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నంజప్ప నవ్వలేదు. తమ్ముడికి రాశి అప్పజెప్పి నాతో పెనుకొండకు వస్తానన్నాడు. బస్సులో దారి పొడుగునా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు.

బస్సులోంచే శాఖలో ఇప్పుడు పనిచేస్తున్న అధికారికి ఫోన్ చేశాను. మంచి మనిషే. ఆ కేంద్రం మీద ఎటువంటి చర్యా లేదని నోటిమాటగా చెప్పగలను కానీ, రాసి ఇవ్వాలంటే నమూనా ల్యాబుకు వెళ్లి ఫలితం రావాలన్నాడు. అందులో తప్పేమీ లేదు. నేనైనా అదే అనేవాడిని. కానీ పురుగులు ల్యాబు కోసం ఆగవు.

మేము వెళ్లేసరికి పంచలో ఓబులపతి, మరికొందరు ఉన్నారు. ధర్మవరం, కనగానపల్లి వైపునుంచి గూడ్స్ ఆటోలో వచ్చారు. చాకీ గది తలుపు మూసి ఉంది. తలుపు ముందు ఎస్తేరు తలకు గుడ్డ కట్టుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ప్రసాదు ఒక పక్కన మంచినీళ్ల చెంబు పట్టుకుని, ఎవరికి ఇవ్వాలో తెలియనట్టు ఉన్నాడు.

ఓబులపతి గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే అతని మాటలు మరింత గుచ్చుకున్నాయి.

"లోపలికి పోయి ఒకసారి చూసుకుంటాం అంటాండా. అంతే కదమ్మా. యాడన్నా దుకాణంలో సరుకు చూడకుండా తీసుకుంటారా?"

"మీరు తీసుకునేటప్పుడు బయటికి తెచ్చి చూపిస్తా అన్నా. లోపలికి మాత్రం వద్దు."

"ఏముండాది లోపల?"

"పురుగులుండాయి. జ్వరానికి పోతాండాయి. ఇప్పుడు తలుపు తెరిచి ఇంతమంది పోతే, మీ కాళ్లకు ఏముండాదో నాకేమి తెలుసు? మీ పురుగులు కూడా ఈడే ఉండాయి అన్నా. మీ కోసమే వద్దంటాండా."

"ఏమీ లేకుంటే తెరిచేదానివి." వెనక నుంచి ఇంకెవరో అన్నారు.

 ఆ తలుపు మూసి ఉంచమని నేర్పింది నేను. పదేళ్లుగా ఆమె పురుగులు మంచివని పేరు రావడానికి కారణం ఆ మూసిన తలుపే. ఇప్పుడు అదే ఆమె మీద సాక్ష్యమైంది. తెరిస్తే పేరు నిలబడవచ్చు, పురుగులకు నిజంగానే జబ్బు రావచ్చు. తెరవకపోతే పురుగులు బాగుంటాయి, తీసుకునేవాళ్లుండరు. ఎస్తేరు నావైపు చూసింది. తెరవమంటారా అని అడుగుతున్న చూపు అది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె తలుపుకు వీపు ఆనించింది.

నేను ముందుకొచ్చి చెప్పాను. "ఆ ఫోటోలో రాసింది నా గురించే. 2017లో ఆ ఆఫీసులో ఉన్నది నేను. అట్లాంటి ఉత్తర్వు నేను ఇవ్వలేదు."

ఓబులపతి మర్యాదగానే అన్నాడు. "మర్చిపోయింటారేమో సార్. వయసు అయిపాయ కదా."

"మర్చిపోలేదప్పా."

"సార్ ఇచ్చింటాడు, ఇప్పుడు లేదంటాండాడు," అని వెనక గొంతు. "మధ్యలో ఏమి జరిగిందో ఆ ఇద్దరికే తెలుసు."

సర్వీసులో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఆ మాట విన్నాక పంచలో ఉన్న బల్ల మీద కూర్చున్నాను. నంజప్ప ముందుకొచ్చి, "నేనే అడిగినా, అది నా మీద కూడా అబద్ధం చెప్పింది" అని మార్కెట్టులో జరిగింది చెప్పాడు. వాళ్లు శ్రద్ధగా విన్నారు. విని, ఒకరు ఇంకొకరితో, "అయితే నంజప్ప పురుగులకు కూడా ఉండాదా" అన్నారు. 

నాతో ఒక సంచి ఉంది. శాఖ పాత సామాను వేలం వేసినప్పుడు కొనుక్కున్న మైక్రోస్కోపు అందులో తెచ్చాను. ఎస్తేరు లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని, ఒక గిన్నెలో కొన్ని పురుగులు, వాటి కింది చెత్త కొంచెం తెచ్చి కిటికీలోంచి అందించింది. బయటికి వచ్చినవి మళ్లీ లోపలికి పోవు. నూరి, చుక్క వేసి, సరిచేసి, ఒక్కొక్కరినీ చూడమన్నాను. ఓబులపతి ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఏమీ కనపడలేదే."

"కనపడకుంటేనే మంచిది. జబ్బుంటే కనపడుతుంది."

"ఏమి కనపడల్నో తెలీనోనికి కనపడలేదంటే ఏమర్థం సార్?"

సరైన ప్రశ్నే. శిక్షణ తరగతుల్లో చూపించడానికి వాడిన ఒక పాత పెబ్రిన్ స్లైడు నా సంచిలో ఉంది. గాజుపలకల మధ్య సీలు వేసినది, అందులో బతికున్నదేదీ లేదు. అది తీస్తుంటే ఎస్తేరు కిటికీలోంచి చూసింది.

"సార్, ఆ జబ్బును మా ఇంటికి తెచ్చినారా?"

"చచ్చిన జబ్బమ్మా. గాజులో ఉంది."

"అయినా దూరంగా పెట్టండి సార్."

పంచ చివరికి బల్ల జరిపించి అక్కడ చూపించాను. జబ్బు ఎట్లా ఉంటుందో ఇది, ఎస్తేరు పురుగు ఇది, అని ఒకదాని తర్వాత ఒకటి. ఈసారి అందరికీ తేడా తెలిసింది. మెరిసే గింజలు ఇందులో ఉన్నాయి, అందులో లేవు. పంచలో గాలి కొంచెం తేలికైంది. ప్రసాదు నీళ్లు ఇచ్చాడు, తాగారు. ఓబులపతితో వచ్చిన ఒకాయన ఫోన్‌ను మైక్రోస్కోపు కంటిగొట్టానికి ఆనించి రెండు ఫోటోలు తీశాడు. "గ్రూపులో పెడతా సార్. అక్కకు మేలు అవుతాది." నేను వద్దనలేదు. మంచి ఆలోచనే అనుకున్నాను. రేపు పొద్దున వస్తామని కొందరు, చూస్తామని కొందరు చెప్పి వెళ్లారు.

ఆ పొద్దు గూకకముందే ప్రసాదు ఫోన్ తెచ్చి నాకు చూపించాడు. ఆ రైతు రెండు ఫోటోలూ కలిపే పెట్టాడు, కింద తేడా కూడా రాశాడు. ఎవరో జబ్బు ఫోటో ఒక్కటే తీసుకుని ముందుకు పంపారు. అది ఊళ్లు దాటి తిరిగి వచ్చేసరికి దాని కింద కొత్త మాటలున్నాయి. ఎస్తేరు పురుగుల్లో ఈ రోజు కనపడింది ఇదే, రిటైరైన ఆఫీసరే మైక్రోస్కోపు పెట్టి రైతులకు చూపించినాడు, అని. ఇది ఏ యంత్రమూ రాయలేదు. మొదటి అబద్ధానికి ఆధారం లేదు, రెండోదానికి నేనే ఆధారం తయారుచేసి ఇచ్చినట్టయింది.

ఎస్తేరు అది చూసింది. తట్టల మీద సున్నప్పొడి చల్లే వేళయిందని లోపలికి వెళ్లింది. పురుగులు జ్వరానికి కూర్చుంటే అది చల్లాలి. కిటికీ దగ్గర నిలబడి ఆమె జల్లెడ తట్టే చప్పుడు విన్నాను.  మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ మొదలైంది. నంజప్ప తన గొంతు రికార్డు చేసి, అంతా అబద్ధమని, అడిగింది తానేనని, తన తప్పేనని గ్రూపులో చెప్పాడు. దానికి ఇద్దరో ముగ్గురో దండం బొమ్మలు పెట్టారు. జబ్బు ఫోటో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ రాత్రి పెనుకొండలో మా చెల్లెలి ఇంట్లో ఉండిపోయాను. నిద్ర పట్టలేదు. నా పని పద్ధతిలోనే ఆలోచించి చూశాను. గ్రైనేజ్‌లో జబ్బు కనిపిస్తే మాకు దారి తెలుసు. ఏ పురుగు, ఏ గుడ్డు, ఏ తల్లి అని వెనక్కి పోతాం, తల్లిని పట్టుకుంటాం, దాని గుడ్లు కాలుస్తాం. ఈ అబద్ధానికి తల్లి ఎవరు? నంజప్ప అడిగాడంతే. ఫోన్ జవాబిచ్చిందంతే. గ్రూపులోవాళ్లు జాగ్రత్త పడమని నలుగురికీ పంపారంతే. ఫోటో తీసినాయన మేలు చేయబోయాడు. నేను జబ్బు ఎట్లా ఉంటుందో చూపించాను. మైక్రోస్కోపు కింద పెట్టడానికి ఒక్క తల్లి చిలుకా దొరకలేదు.

మరుసటి పొద్దున, గురువారం, ఎండ రాకముందే కేంద్రానికి వెళ్లాను. చల్లని పొద్దులోనే పురుగులను తరలించాలి. అప్పటికే నంజప్ప ఆటోతో వచ్చి ఉన్నాడు. వార్తాపత్రికలు పరిచి, తడి గోనెలు సిద్ధం చేసుకున్నాడు. గడప బయటే నిలబడి, ఎస్తేరు అందించిన తట్టలను రెండు చేతులా పట్టుకుని ఆటోలో పెట్టుకున్నాడు.  ఆఖరి తట్ట ఇచ్చేటప్పుడు ఎస్తేరు, "మధ్యాహ్నానికి లేస్తాయన్నా. ముందు లేత ఆకే వెయ్యి" అంది. అతను తల ఊపి వెళ్లిపోయాడు.

తర్వాత ఓబులపతి ఒక్కడే వచ్చాడు. ఆటోను రోడ్డు మీదనే, చింతచెట్ల చాటున నిలిపి నడిచి వచ్చాడు.

"పురుగులు బాగుండాయి, నాకు తెలుసు. నిన్న నా కంటితో చూసినా," అన్నాడు. "తీసుకపోతా. ఒకటే మాటక్కా. మా ఊర్లో మడకశిర నుంచి తెచ్చినానని చెప్పుకుంటా. ధర్మవరంలో పట్టుదారం తీసేవాళ్లు ఆ ఫోటో చూసినారు. నీ పేరు చెప్తే రేపు నా గూళ్లు ముట్టరు."

ఎస్తేరు చేతుల్లో తట్ట ఉంది.  దాన్ని మళ్లీ గడప లోపల పెట్టింది.

"అట్లయితే వద్దులే అన్నా."

"ఇచ్చేయ్ ఎస్తేరూ," అన్నాడు ప్రసాదు మెల్లగా. "ఉన్నోళ్లన్నా తీసుకపోనీ."

"పురుగులు మంచివైతే నేను కూడా మంచిదాన్నే. పురుగుల్ని తీసుకపోయి నన్ను ఈడ వదిలిపెడితే ఎట్ల? ఏ గ్రూపులో ఫోటో చూసినారో ఆ గ్రూపులో, యాడ తీసుకున్నావో చెప్పు. చెప్పినాక తీసుకపో."

ఓబులపతి వెనక్కి నడిచాడు. చెట్ల చాటుకు వెళ్లిపోయాడు. ఇంజను చప్పుడు మొదలైంది. ప్రసాదు అరుగు మీద కూలబడ్డాడు. నేను గడియారం చూడలేదు, తూర్పు వైపే చూస్తున్నాను. ఎండ వచ్చేస్తోంది. కాసేపటికి ఇంజను ఆగింది. చింతచెట్ల చాటు నుంచి అతని గొంతు వినబడింది, ఎవరితోనో పోట్లాడుతున్నంత గట్టిగా.

"కనగానపల్లి ఓబులపతి మాట్లాడతాండా. నేను పెనుకొండ ఎస్తేరక్క దగ్గరే పురుగులు తీసుకుంటాండా. మైక్రోస్కోపులో నేనే చూసినా. జబ్బు లేదు. ఎవరికన్నా అనుమానముంటే నన్ను అడగండి. ఫోన్‌ను కాదు."

గడప లోపల ఎక్కడో ఎస్తేరు ఫోన్ చిన్నగా మోగింది. ఆమె చూడలేదు. చేతులు బ్లీచింగ్ నీళ్లలో ముంచి, ఆరబెట్టుకుని, తట్ట ఎత్తింది.

మరెవరూ రాలేదు. బుక్ చేసుకున్నవాళ్లలో వచ్చింది ఆ ఇద్దరే. ఆ గ్రూపులో ఓబులపతి మాటను ఎంతమంది విన్నారో నాకు తెలియదు. అక్కడే కూర్చుని నా ఫోన్‌లో, మార్కెట్టు పద్ధతి వదిలి, ఎస్తేరు చాకీ కేంద్రం ఎట్లాంటిది అని మామూలుగా అడిగాను. దాని గురించి తనకేమీ సమాచారం లేదని చెప్పింది. తర్వాత నంజప్ప అడిగిన మాదిరే అడిగాను. ఈసారి మూసింది 2019లో అని చెప్పింది. దానికి ఎస్తేరు మీద పగ లేదు, ప్రేమా లేదు. అడిగినవాడి అనుమానాన్ని నున్నగా చేసి తిరిగి ఇస్తుంది. ముఖం చూసి నిజం పట్టే మనుషులం మేము. ముఖం లేనిదాని దగ్గరికి అదే పరీక్షతో పోయాం. ఈ కేసులో నేను నేర్చుకున్నది అదే. అనుమానం వస్తే అడగవలసింది ఆ మనిషిని, ఆ మనిషి గడప దగ్గర నిలబడి. చెప్పింది అబద్ధమని తేలితే, దాన్ని ఎంతమంది విన్నారో అంతమందికీ మన నోటితో, మన పేరుతో చెప్పాలి. ఓబులపతి చేసింది అదే. అది సరిపోతుందో లేదో గూళ్లు వచ్చినప్పుడు తెలుస్తుంది.

బయలుదేరేముందు మిగిలిన తట్టల్లో పురుగులు ఎట్లా ఉన్నాయో ఒకసారి చూడాలనిపించింది. తీసుకునేవాళ్లు లేరు కాబట్టి అవన్నీ తానే పెంచుతానంది ఎస్తేరు. తోటలో ఆకు చాలుతుందా అంటే, చాలకపోతే చుట్టాల తోట అడుగుతానంది. నేను చెప్పులు విడిచి గడప దాకా వెళ్లాను.

"ఇప్పుడు తీసుకుపోయేవాళ్లు కూడా లేరు కదమ్మా. ఒకసారి చూసి పోతా."

ఆమె అప్పటికే ఆకు తట్ట ఎత్తుకుని ఉంది.

"లేస్తాండాయి సార్," అంది. "మీరు బయటే ఉండండి." తలుపు వేసుకుంది.